నూజివీడు నుండి షికాగోకు

వేసవికాలము వచ్చినదనగానే తెలుగుదేశమున నూజివీడు పేరు ప్రతివారి నోటను వినవచ్చును. 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఆ సంవత్సరమున ఏలూరు జిల్లాలో చేరిన ఈ పట్టణము చుట్టును మామిడితోటలు కనుచూపు మేర వ్యాపించి ఉన్నవి. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, కలెక్టరు అని జనులు పిలుచు తోతాపురి మున్నగునవి అక్కడి ముఖ్యమైన జాతులు. మామిడిని గురించి పరిశోధన చేయు కేంద్రము కూడ ఆ పట్టణమున ఒకటి కలదు.

చిన్నరసము పలుచని తోలు గలది. చేతిలో మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, రసము పీల్చుకొనుటకే అది పుట్టినదేమో అనిపించును. దూరప్రయాణమునకు అది ఓర్వలేదు. బంగినపల్లి అట్టిది కాదు. దాని కండ గట్టిది; కోసి ముక్కలుగా తినదగినది. అందుచేతనే అది దేశాంతరములకు పోగలుగుచున్నది. అయినను ఎంత గట్టిదైనను పండు పండే. చెట్టునుండి దింపిన కాయ వారము పది దినములలో పక్వమగును; ఆ మీదట చెడుటకు మొదలిడును. కావున మామిడి రైతునకు దూరమనగా కిలోమీటర్లు మాత్రమే కాదు. గంటలును, దినములును కూడ.

పూర్వము మన పెద్దలు దూరమును కోసులలోను, ఆమడలలోను చెప్పెడివారు. నాలుగు కోసులు ఒక ఆమడ. ఎడ్లబండి మీద ఆమడ దూరము పోవుటకు ఎంత ప్రొద్దు పట్టునో వారు గడియారము చూడకయే చెప్పగలిగెడివారు. నేడు ఆకాశమార్గమున భూగోళపు ఆవలి వైపునకు పోవువారికి ఆ లెక్క ఎట్లు తెలియవలెను? దూరమును ఎట్లు కొలువవలెను? కాలమును ఎట్లు గణింపవలెను? ఈ ప్రశ్నలు చూచుటకు సులభముగా కనిపించును గాని, వీనియందు పెద్దలు సయితము పొరపడుచుందురు.

మన దేశపు విమానములు సముద్రములు దాటుట ఆరంభించి చాలకాలమైనది. ఎయిరిండియా విమానము మొట్టమొదట 1948 జూన్ 8వ తేదీన బొంబాయి నుండి లండనుకు బయలుదేరినది. ఆనాడు అది కైరోలోను, జెనీవాలోను దిగి, మరల లేచి, తన గమ్యమును చేరవలసివచ్చెను. 1960వ సంవత్సరమున ఆ సంస్థ విమానములు న్యూయార్కు నగరమునకు పోసాగినవి. హైదరాబాదునకు సమీపముననున్న శంషాబాదులో 2008వ సంవత్సరమున పెద్ద విమానాశ్రయము వెలసెను. 2021 జనవరిలో ఎయిరిండియా సంస్థ శంషాబాదునకును, అమెరికాలోని షికాగో నగరమునకును నడుమ ఎక్కడను దిగకుండ పోవు విమానమును నడిపినది. ఈ రెండు విమానాశ్రయములనే ఉదాహరణముగా గైకొని మన లెక్కను చేసికొందము.

ఆ విమానమును ప్రారంభించినపుడు ప్రకటించిన వేళలు ఇవి: శంషాబాదులో మధ్యాహ్నము 12 గంటల 50 నిమిషములకు బయలుదేరును, షికాగోలో అదే దినమున సాయంకాలము 6 గంటల 5 నిమిషములకు దిగును. నూజివీటి దగ్గర పల్లెలో వృద్ధుడైన రైతు ఒకడు ఈ వేళలను పత్రికలో చూచెననుకొందము. అతని కుమార్తె ఒకతె షికాగోలో కాపురమున్నది. ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమడు ప్రక్కనే కూర్చుండి ఉన్నాడు. అపుడు వారి సంభాషణ ఇట్లు సాగియుండును.

“ఒరేయ్ అబ్బాయీ, చూశావా! మధ్యాహ్నం ఒంటిగంట లోపల లేచిన విమానం సాయంకాలం ఆరింటికల్లా షికాగోలో దిగుతుందట. అంటే అయిదుంబావు గంటలే గదా! పొద్దున్నే కోసిన కాయలు రాత్రి భోజనం వేళకు మీ పిన్నికి అందవూ?”

“కాదు తాతయ్యా. ఆ రెండు వేళలూ ఒక్క గడియారంలోవి కావు. మొదటిది మన గడియారం చెప్పిన వేళ. రెండోది వాళ్ళ గడియారం చెప్పింది.”

“గడియారాలన్నీ ఒక్కటే గదురా!”

“గడియారాలు ఒక్కటే తాతయ్యా. సూర్యుడు మాత్రం అందరికీ ఒక్కసారే ఉదయించడు గదా!”

మనుమడు చెప్పినది సత్యము. భూమి తన చుట్టు తాను ఒక్కసారి తిరుగుటకు ఇరువదినాలుగు గంటలు పట్టును. గోళము చుట్టును 360 డిగ్రీలు. కావున గంటకు 15 డిగ్రీల చొప్పున, అనగా నాలుగు నిమిషములకు ఒక డిగ్రీ చొప్పున భూమి తిరుగుచున్నది. తూర్పుననున్న ఊరికి ముందుగాను, పడమటనున్న ఊరికి వెనుకగాను ప్రొద్దు పొడుచును. ఊరూరికి ఒక్కొక్క వేళ ఉన్నచో రైళ్ళు నడుపుట దుర్ఘటమగును. అందుచేత మన దేశమంతటికిని 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము మీది కాలమును ప్రమాణముగా ఏర్పరచుకొన్నారు. ఈ రేఖ మన కాకినాడ సమీపమునుండియే పోవుచున్నది. నూజివీడు దానికి సుమారు డిగ్రీన్నర పైచిలుకు పడమటనున్నది. కావున గడియారము పన్నెండు కొట్టిన పిమ్మట సగటున ఆరున్నర నిమిషములకు గాని నూజివీటి తోటలలో సూర్యుడు నడినెత్తికి రాడు.

లండను దగ్గరి గ్రీనిచ్ రేఖను సున్నగా లెక్కింతురు. మన కాలము దానికి అయిదున్నర గంటలు ముందు. షికాగోలో శీతకాలపు కాలము దానికి ఆరు గంటలు వెనుక. ఈ రెంటిని కూడినచో పదకొండున్నర గంటలగును. అనగా శీతకాలమున షికాగోవారి గడియారము మన గడియారమునకు పదకొండున్నర గంటలు వెనుకబడి ఉండును. ఆ దేశమువారు వేసవిలో పగటి వెలుతురును వినియోగించుకొనుటకై గడియారమును ఒక గంట ముందునకు జరుపుదురు. కాబట్టి మన మామిడిపండ్ల కాలమున ఈ భేదము పదిన్నర గంటలే.

పైన చెప్పిన వేళలు జనవరి మాసమునకు సంబంధించినవి. కనుక గడియారములలో కనబడిన 5 గంటల 15 నిమిషములకు 11 గంటల 30 నిమిషములు చేర్చవలెను. అపుడు అసలు ప్రయాణకాలము 16 గంటల 45 నిమిషములని తేలును. తాతగారి లెక్క సూర్యునితో పాటు పడమటికి పోయి పొరపాటు పడినది.

తిరుగుప్రయాణమును గురించి విన్నప్పుడు ఆ వృద్ధునకు మరింత వింత తోచును. 2021 జనవరి 13వ తేదీ బుధవారము రాత్రి తొమ్మిదిన్నర గంటలకు షికాగోలో బయలుదేరవలసిన విమానము, శుక్రవారము ప్రవేశించిన పిమ్మట అర్ధరాత్రి 12 గంటల 40 నిమిషములకు శంషాబాదు చేరునట్లు ఏర్పాటు చేయబడినది.

“బుధవారం బయలుదేరి శుక్రవారం దిగితే, మధ్యన గురువారం ఎక్కడికి పోయిందిరా?”

“ఎక్కడికీ పోలేదు తాతయ్యా. బుధవారం రాత్రి అక్కడ తొమ్మిదిన్నర అయ్యేటప్పటికి మనకు గురువారం ఉదయం తొమ్మిది గంటలు. ఇక్కడ గురువారం గడుస్తూ ఉండగా వాళ్ళు ఆకాశంలో ఉన్నారు.”

ఈ పర్యాయము గడియారములలో కనబడు 27 గంటల 10 నిమిషములలో నుండి 11 గంటల 30 నిమిషములు తీసివేయవలెను. మిగిలినది 15 గంటల 40 నిమిషములు. పడమటికి పోవునపుడు చేర్చవలెను. తూర్పునకు వచ్చునపుడు తీసివేయవలెను. ఈ సూత్రము తెలిసినచో ఎవ్వరును మోసపోరు.

ఇక దూరము మాట. గోడకు వ్రేలాడు ప్రపంచపటము మీద హైదరాబాదునకును షికాగోకును నడుమ అడ్డకొలబద్దతో గీత గీయుడు. ఆ గీత అరేబియా, ఈజిప్టు, ఉత్తరాఫ్రికా దేశముల మీదుగా అట్లాంటిక్ మహాసముద్రమును దాటి పోవును. చూపునకు ఇంతకంటె దగ్గర త్రోవ లేదనిపించును. అది భ్రమ. భూమి బంతివలె గుండ్రనిది, పటము చదునైనది. గుండ్రని దానిని చదునుచేసినపుడు ఉత్తరదక్షిణ ప్రాంతములు ఉన్నదానికంటె వెడల్పుగా సాగిపోవును. బత్తాయి తొక్కను ఒలిచి బల్లమీద పరచి అదిమినచో అది చినుగకుండ చదునుగా నుండదు. పటము వ్రాయువారు చినుగులు కనబడకుండ సాగదీసినారు, అంతే.

నిజము తెలిసికొనుటకు మీ పాఠశాలలోని భూగోళమును తెండు. దారమును తీసికొని ఒక కొనను హైదరాబాదు మీదను, రెండవ కొనను షికాగో మీదను ఉంచి, బిగువుగా లాగుడు. దారము పడమటికి పోదు! దాదాపు సూటిగా ఉత్తరమునకు పోవును. ఉత్తర హిందూస్థానమును, మధ్య ఆసియాను, రష్యాలోని ఉరల్ పర్వతములను దాటి, మంచుసముద్రము మీదుగా గ్రీన్లాండు చేరి, అక్కడినుండి కెనడా మీదుగా షికాగోకు దిగివచ్చును. నడుమ ఒకచోట ఆ మార్గము ఉత్తరధ్రువమునకు పదకొండు డిగ్రీల దూరము వరకు పోవును. గోళము మీద రెండు స్థలముల నడుమ అతి దగ్గర త్రోవ ఇదియే. గోళమును సరిగా రెండు సమభాగములుగ కోసినపుడు ఏర్పడు వృత్తమునకు మహావృత్తమని పేరు. మన దారము అట్టి మహావృత్తములో ఒక భాగము.

దీని నిడివిని లెక్కించుట కష్టము కాదు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. దానిని 360 డిగ్రీలకు పంచినచో డిగ్రీకి రమారమి 111 కిలోమీటర్లు వచ్చును. భూకేంద్రమునుండి చూచినపుడు శంషాబాదునకును షికాగోకును నడుమనున్న కోణము దాదాపు 119½ డిగ్రీలు. వీనిని గుణించినచో దూరము సుమారు 13,300 కిలోమీటర్లని తేలును. పటము మీది సూటిగీతను అనుసరించి పోయినచో ఆ దూరము 16,100 కిలోమీటర్లగును. అనగా వంకరగా కనబడు త్రోవ సూటిగా కనబడు త్రోవకంటె 2,800 కిలోమీటర్లు దగ్గర! పెద్ద విమానమునకు అది మూడు గంటలకు పైబడిన ప్రయాణము.

ఇచ్చట మరియొక విశేషము కూడ గ్రహింపవలెను. గోళము మీద ఏ రెండు చోట్లకైనను దూరము చుట్టుకొలతలో సగమునకు, అనగా 20,000 కిలోమీటర్లకు మించి ఉండజాలదు. అంతకు మించినచో రెండవ వైపునుండి పోవుటయే దగ్గర. మానవుడు భూమి మీద పోగల అతి దూరమునకు ఇది మేర. షికాగో మనకు ఆ మేరలో మూడింట రెండు వంతుల దూరమున ఉన్నది. ఆ జనవరిలోనే శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బెంగుళూరునకు సుమారు 14,000 కిలోమీటర్ల దూరమును ఒక విమానము ఉత్తరధ్రువప్రాంతము మీదుగా నడుమ ఆగక దాటినది. దానిని నడిపినవారందరును స్త్రీలే. జోయా అగర్వాల్ ఆ బృందమునకు నాయకురాలు. అందు పాపగారి తన్మయి అను వనితయు ఉన్నది.

పెద్ద విమానములు గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగముతో పోవును. 13,300 కిలోమీటర్లను ఆ వేగముతో దాటుటకు పదునైదు గంటలు చాలును గదా! మరి పోవునపుడు పదునారు గంటల ముప్పాతిక ఏల? వచ్చునపుడు అంతకంటె గంటకు పైగా తక్కువ ఏల?

దీనికి కొందరు చెప్పు కారణము ఒకటి కలదు. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది గనుక, విమానము పడమటికి పోవునపుడు ఊరే ఎదురుగా వచ్చునని వారి వాదము. అది సరికాదు. అట్లే అయినచో పడమటి ప్రయాణము త్వరగా ముగియవలెను; జరుగుచున్నది దానికి విరుద్ధము. పరుగెత్తు రైలుపెట్టెలో ఈగ ఎగురుచుండును. అది ముందు గోడకు ఎగిరినను, వెనుక గోడకు ఎగిరినను ఒకే కాలము పట్టును. ఏలయన పెట్టెలోని గాలియు రైలుతో కూడ పోవుచున్నది. అట్లే భూమితో పాటు దాని చుట్టునున్న వాయుమండలమును తిరుగుచున్నది. విమానము ఆ గాలిలోనే ఈదుచున్నది.

అసలు కారణము గాలియే. నేలకు తొమ్మిది మొదలు పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, సమశీతోష్ణ ప్రాంతములపై, పడమటినుండి తూర్పునకు ప్రచండమైన వాయుప్రవాహములు సాగుచుండును. శీతకాలమున వాని వేగము మిక్కిలి హెచ్చును. పెద్ద విమానములు ఎగురు ఎత్తు కూడ అదియే. ఏటికి ఎదురీదువానికిని, ఏటివాలున పోవువానికిని ఎంత భేదమో ఇచ్చటను అంత భేదము. గంటకు 900 కిలోమీటర్లు పోవు విమానమునకు 100 కిలోమీటర్ల వేగముతో గాలి ఎదురైనచో నేలమీది లెక్కలో అది 800 కిలోమీటర్లే పోవును. వెనుకనుండి వీచినచో 1,000 కిలోమీటర్లు పోవును. 4,000 కిలోమీటర్ల దూరమున ఈ ఒక్క కారణముచేతనే మొదటి దానికి అయిదు గంటలు, రెండవ దానికి నాలుగు గంటలు పట్టును.

గాలితో పాటు మరికొన్ని అడ్డంకులు కలవు. విమానము నేలమీద నడచుటకును, పైకి లేచుటకును, వేగము తగ్గించి దిగుటకును కొంత కాలము పట్టును. హిమాలయముల మీదుగా సాధారణముగా పోరు. విమానములో గాలి ఒత్తిడి తగ్గినచో వెంటనే క్రిందికి దిగవలసియుండును, అచ్చట దిగుటకు చోటు లేదు. దేశముల కలహములు కూడ ఆకాశమున అడ్డుగోడలు కట్టును. 2022వ సంవత్సరమున యుక్రెయిన్ యుద్ధము పొడసూపగా పాశ్చాత్య దేశముల విమానములకు రష్యా తన ఆకాశమును మూసివేసినది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాను మన విమానములకు త్రోవ మూసినది. అపుడు ఉత్తర హిందూస్థానమునుండి పడమటికి పోవు విమానములు చుట్టుత్రోవను పోయి అధికకాలము గడపవలసివచ్చినది. దారము చూపు మార్గము ప్రకృతి గీచినది. విమానము పోవు మార్గము మనుష్యులు అనుమతించినది.

ఇపుడు మన బంగినపల్లి పండు సంగతికి వత్తము. శంషాబాదు నుండి షికాగోకు పదునేడు గంటల లోపలనే పోవచ్చుననిన మాత్రమున ఆ వృద్ధుడు తన కుమార్తెకు పండ్లు పంపగలడా? పంపజాలడు. ప్రయాణికులు మన దేశపు మామిడిపండ్లను తమ సామానులో పెట్టుకొని అమెరికాలో దిగుట నిషిద్ధము. పండ్లతో పాటు పండుఈగయు, టెంకపురుగును తమ దేశమున ప్రవేశించునేమోయని వారి భయము. ఆ భయముచేత అనేక సంవత్సరములు మన మామిడి ఆ దేశమున అడుగిడలేదు. 2007వ సంవత్సరమున ఒక ఒప్పందము కుదిరినది. దాని ప్రకారము పండ్లను నిర్ణీతమైన మోతాదులో వికిరణమునకు గురిచేసి, లోపలి పురుగు వృద్ధిపొందకుండ చేసి, అధికారులు పరీక్షించిన పిమ్మటనే పంపవలెను. మొదట ఈ పని మహారాష్ట్రములోని నాసిక్ జిల్లా లాసల్‌గావ్‌లో జరిగినది. అంతకు ముందు సంవత్సరమున, అనగా 2006లో, జపాను దేశము వేడి ఆవిరితో శుద్ధిచేసిన మన మామిడిని అంగీకరించినది. ఆ జాతులలో బంగినపల్లియు ఒకటి.

కావున ఆ పండు ప్రయాణము విమానాశ్రయమున మొదలుకాదు. తోటలో కాయను తొడిమతో కోసిన క్షణముననే మొదలగును. కోయుట, సొన కారకుండ చూచుట, కడుగుట, ఏరుట, పెట్టెలలో పెట్టుట, చల్లని బండిలో శుద్ధికేంద్రమునకు చేర్చుట, పరీక్షింపించుట, ఆ పిమ్మట విమానమెక్కించుట, ఇన్నిటికిని దినములు పట్టును. వీనిలో ఆకాశయానము ఒక దినమునకు లోపలి పని మాత్రమే. మిగిలినదంతయు నేలమీద జరుగు పని. వారము పది దినముల ఆయుస్సు గల పండునకు నేలమీద వృథాయైన ఒక్కొక్క దినమును తిరిగి రాదు. విమానమెంత వేగముగా పోయినను, తోటలోను, త్రోవలోను జరిగిన ఆలస్యమును అది తీర్చజాలదు.

పటము మీది గీతను చూచి దూరమును, గడియారపు ముళ్ళను చూచి కాలమును నిర్ణయించువాడు రెండు విధముల పొరపడును. గోళమును చూచి దూరమును, సూర్యగమనమును చూచి కాలమును లెక్కించువాడు సత్యమునకు దగ్గరగా ఉండును. పదార్థము చేరవలసిన చోటికి చేరువరకు జరుగు ప్రతి పనిని లెక్కలో చేర్చినవాడే పూర్తిగా ఎరిగినవాడు. నూజివీటి రైతు ఆ లెక్కను నేర్చినచో అతని పండు ప్రపంచములో ఏ మూలకైనను చెడకుండ పోగలదు. అందులకు కావలసిన భూగోళశాస్త్రమును, గణితమును నేడు ఎనిమిదవ తరగతి పిల్లలు చదువుచున్న పుస్తకములలోనే ఉన్నవి.

అభ్యాసము

1. చిన్నరసము దూరప్రయాణమునకు పనికిరాకపోవుటకును, బంగినపల్లి పనికివచ్చుటకును కారణములేవి?

2. మధ్యాహ్నము 12-50కి శంషాబాదులో లేచి సాయంకాలము 6-05కు షికాగోలో దిగిన విమానమునకు పట్టిన కాలమెంత? వేసవికాలపు భేదమును అనుసరించి అదే లెక్కను మరల చేయుడు.

3. మహావృత్తమనగా నేమి? మీ పాఠశాలలోని గోళము మీద దారము పరచి, హైదరాబాదు నుండి టోకియోకు, లండనుకు పోవు మార్గములు ఏయే దేశముల మీదుగా పోవునో వ్రాయుడు.

4. “భూమి తిరుగుటచే పడమటి ప్రయాణము త్వరగా ముగియును.” ఈ వాదము ఎందుచేత సరికాదు?

5. ‘దారము చూపు మార్గము ప్రకృతి గీచినది, విమానము పోవు మార్గము మనుష్యులు అనుమతించినది.’ ఈ వాక్యమును ఉదాహరణములతో వివరింపుడు.